పెద్దాయన ఆర్గన్, నా ప్లాస్టిక్ పెట్టె

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో నేను మంచివాణ్ణి కాను. చివర్లోనైనా బాగుపడతాడులే అని ఎదురుచూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

2008లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో దిగాను. ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. ఊరినిండా రౌండబౌట్ కూడళ్లే. కారు లేనివాడు ఆ ఊళ్లో మనిషి కింద లెక్క కాదు. మా ఆవిడా నేనూ రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు, శనివారం సామాన్లు, ఆదివారం లండన్ శివార్లలో, స్టాన్‌మోర్‌లో మనవాళ్ల ఇళ్లలో భోజనాలు. మూడేళ్లు అలాగే గడిచిపోయాయి. నాకు చిన్నప్పటినుంచీ వాయిద్యాల పిచ్చి. తెనాలిలో మా మేనమామ పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆయన పక్కన కూర్చుని కొంత, కాలేజీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు మీద కొంత నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక ఆ విద్య అటకెక్కింది.

2011 వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం సామాన్లు కొనుక్కుని నడిచొస్తున్నాను. ఒక పబ్ వెనక గుమ్మం దగ్గర నలుగురు మనుషులు చెక్కబీరువా లాంటిదాన్ని వ్యాన్‌లోంచి దించలేక ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. వాళ్లలో ఒకాయనకి డెబ్బై దగ్గర పడి ఉంటాయి. నడుం పట్టుకుని వంగిపోయి కూడా, "జాగ్రత్త, జాగ్రత్త, దానికి దెబ్బ తగలకూడదు" అని అరుస్తున్నాడు. సంచులు గోడకి ఆనించి నేనూ ఒక మూల పట్టాను. నా తల్లే, ఏం బరువు! చేతులు ఊడొచ్చాయనుకున్నాను. లోపల పెట్టి మూత తీశాక తెలిసింది, అది బీరువా కాదు, ఆర్గన్.

ఆర్గన్ అంటే మనకి చర్చి గుర్తొస్తుంది. ఇది ఆ గొట్టాల ఆర్గన్ కాదు. కరెంటుతో నడిచే పాతకాలపు యంత్రం. లోపల తొంభైకి పైగా పళ్ల చక్రాలుంటాయి. ఒక మోటారు వాటన్నిటినీ గిర్రున తిప్పుతుంది. ఒక్కో చక్రం ఒక్కో స్వరం. పైన రెండు వరసల మెట్లు, వాటి మీద లాగడానికి చిన్న చిన్న కడ్డీలు. ఏ కడ్డీ ఎంత లాగామన్నదాన్నిబట్టి గొంతు మారుతుంది. స్పీకరు ఇంకో పెట్టెలో ఉంటుంది, అదీ తిరుగుతూనే ఉంటుంది. పీటా, కాళ్లతో తొక్కే పలకలూ అన్నీ కలిపితే దాదాపు రెండు క్వింటాళ్లు. ఇది అరవైల నాటిది. పెద్దాయన బస్ డిపోలో మెకానిక్‌గా చేసేవాడట. వయసులో ఉన్నప్పుడు, మూతపడిన ఒక చిన్న చర్చి వాళ్ల దగ్గర దాన్ని కొనుక్కుని, తనే విప్పి, తనే నూనె పోసి, నలభై ఏళ్లుగా పెళ్లాంలా చూసుకుంటున్నాడు.

ఆ సాయంత్రం అక్కడే నిలబడి విన్నాను. సామాన్లలో పాలున్నాయి, విరిగిపోయాయి. ఇంటికెళ్లి మా ఆవిడతో తిట్లు తిన్నాను. అయినా ఆ రెండు గంటలూ ఎంత ఆనందపడ్డానో చెప్పలేను. హార్మోనియానికి ఊపిరి ఉంటుంది కదా, దీనికీ ఉంది. మెట్టు నొక్కగానే టిక్కుమని ఒక చిన్న చప్పుడు, దాని వెనక గుర్రుమనే గొంతు.

మర్నాటినుంచీ వాళ్లకి నేను మోతగాణ్ణి. బ్యాండుకి పెద్ద దిక్కు గిటార్ వాయించే ఆయన, వృత్తికి ప్లంబర్. డ్రమ్స్ వాయించే కుర్రాడొకడు, పాడే ఆవిడ ఒకరు, పెద్దాయన. అంతే. ప్లంబర్ నన్ను అందరికీ "మా లిఫ్టింగ్ డిపార్ట్‌మెంట్" అని పరిచయం చేసేవాడు. నవ్వేవాణ్ణి. ఏం చేస్తాను? పెద్దాయన మాత్రం మొదటి నెలలోనే నన్ను పీట మీద కూర్చోబెట్టాడు. నేను అలవాటుకొద్దీ "అంకుల్" అనేశాను. తక్కినవాళ్లు పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నన్నెవరూ అలా పిలవలేదబ్బాయ్. బాగుంది, అలాగే పిలువు" అన్నాడు.

ఆయన ఇంగ్లీషులో అనే "సన్" నా చెవిలో ఎప్పుడూ "అబ్బాయ్" అనే పడేది. కడ్డీలు ఎలా లాగాలో, ఎడమచెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వాయించకుండా ఊరుకోవాలో ఆయనే నేర్పాడు. ఊరుకోవడం నేర్పినవాడికి నేనిచ్చిన గురుదక్షిణ ఏమిటో ఇక వినండి.

రెండేళ్లు మోశాను. మోస్తూ మోస్తూ ఒక్కో పాటకి పియానో కీబోర్డు వాయించడం మొదలుపెట్టాను. 2013లో కొత్తరకం డిజిటల్ ఆర్గన్ ఒకటి కొన్నాను. పదహారు కిలోలు. సంచిలో పెట్టి భుజాన వేసుకోవచ్చు. చక్రాలూ లేవు, నూనే లేదు. స్విచ్ వేసి వేలు పెడితే మోగుతుంది. పాత ఆర్గన్ గొంతునంతా, ఆ టిక్కు చప్పుడుతో సహా, చిప్పులో పెట్టారు.

రెండూ వాయించినవాణ్ణి కాబట్టి ఉన్నమాట చెబుతాను. పబ్‌లో డ్రమ్సూ గిటారూ మోగుతుంటే, గ్లాసుల చప్పుడులో, వినేవాడికి తేడా తెలియదు. తెలుస్తుందన్నవాడు కోతలు కోస్తున్నాడు. కానీ వాయించేవాడికి తెలుస్తుంది. పాత ఆర్గన్ మీద కూర్చుంటే మోకాళ్లకి చెక్క అదురు తగులుతుంది. చలికాలం ఒక గొంతు, ఎండాకాలం ఒక గొంతు. ఒక్కో మెట్టుకీ ఒక్కో పెంకితనం. డిజిటల్‌కి ఇవేవీ ఉండవు. ఉన్నట్టు నటిస్తుంది, అంతే. పెద్దాయన నా పెట్టెని పది నిమిషాలు వాయించి, లేచి చేతులు తుడుచుకున్నాడు.

"బాగుందబ్బాయ్. ఎప్పుడూ ఇలాగే బాగుంటుంది. అదే నాకు నచ్చలేదు" అన్నాడు. గిగ్గుల్లో, అంటే జనం ముందు కచేరీల్లో, ఆ ప్లాస్టిక్ పెట్టె మీద మాత్రం తను వాయించనని అప్పుడే చెప్పేశాడు.

నాకు ఒళ్లు మండింది. నెల జీతంలో సగానికి పైగా పోసి కొన్నది మరి. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ పీట మీద నాకు కన్నుందా? ఉంది. ఎన్నాళ్లని ఒక మూల పట్టుకుని మొయ్యను? ఆయన వాయిస్తుంటే చప్పట్లు కొడుతూనే, ఈయన నడుం ఎప్పటికి పూర్తిగా పడిపోతుందా అని లోపల్లోపల అనుకున్న రోజులున్నాయి. ఛీ, రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

ఆ శీతాకాలంలో లండన్ పక్కన హేస్‌లో ఒక క్లబ్బులో గిగ్ వచ్చింది. హాలు పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్ల మలుపులో ఆర్గన్ జారింది. డ్రమ్మర్ కుర్రాడి వేలు నలిగి గోరు ఊడింది. పెద్దాయన నడుం పట్టేసి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. అయినా "దాని కాలు విరిగిందా చూడండి" అంటాడేగానీ తన గురించి ఒక్క మాట లేదు. ప్లంబర్‌కి ఇక ఓపిక పోయింది.

తర్వాతి ప్రాక్టీసు రోజున, "ఏదో ఒకటి తేల్చుకుందాం. మాకు తేడా తెలిస్తే నీ ఆర్గన్‌నే మోస్తాం, నోరెత్తం. తెలియకపోతే ఇకనుంచి పదహారు కిలోలదే" అన్నాడు పెద్దాయనతో.

పెద్దాయన ఒప్పుకున్నాడు. నలభై ఏళ్ల నమ్మకం ఆయనది. "మీ చెవులెందుకు, నేను చెబుతాను ఏది నాదో. తప్పు చెబితే మీ కప్పులు కూడా కడుగుతాను" అన్నాడు.

మేం ప్రాక్టీసు చేసేది స్కౌట్ పిల్లల హాల్లో. చిన్న స్టేజీ, దానికో పాత తెర. రెండు ఆర్గన్లూ తెర వెనక పెట్టాం. రెండూ వాయించేది నేనే. న్యాయంగా ఉండాలని నా డిజిటల్‌ని కూడా ఆయన ఆర్గన్ తాలూకు తిరిగే స్పీకరుకే కలపడానికి ప్రత్యేకంగా కేబుల్ కొన్నాను. న్యాయం! జనవరి చలి. టీ పెట్టుకోవడానికి కెటిల్ పెట్టాలంటే ఆ హాల్లో తక్కినవన్నీ ఆపెయ్యాలి, లేకపోతే ఫ్యూజు పోతుంది. అలా అన్నీ ఆపి టీ తాగాం. తాగాక నేను తెర వెనక్కి నడిచాను.

"స్టార్ట్ చేసి ఇవ్వనా అబ్బాయ్?" పెద్దాయన అడిగాడు.

"అక్కర్లేదంకుల్. రెండేళ్లుగా చూస్తున్నాను, ఆమాత్రం తెలియదా?"

తెలియదు. ఆ ఆర్గన్‌ని ఎప్పుడూ ఆయనే స్టార్ట్ చేసేవాడు. పైన కుడిపక్క రెండు స్విచ్‌లుంటాయని తెలుసు, ఆయన చెయ్యి అటు వెళ్లడం చూశాను. కానీ ఏది ముందో, ఎంతసేపో ఏనాడూ పట్టించుకోలేదు. ఆ సమయానికి నేను కేబుళ్లు చుడుతూ ఉండేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, స్విచ్ అంటే వెయ్యడమే అనుకున్నాను. ఒకటి వేశాను. ఎక్కడో కాస్త గుయ్యిమంది. మెట్టు నొక్కాను. మోగలేదు. ఆపి మళ్లీ వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ చలిలో నాకు చెమట పట్టింది.

"ఏమిటాలస్యం? నిద్రపోయావా?" తెర అవతలనుంచి ప్లంబర్ కేక, డ్రమ్మర్ నవ్వు.

ఒక్క మాట అంటే అయిపోయేది. "అంకుల్, నాకు రావడం లేదు, ఒకసారి వస్తారా" అంటే, నవ్వేవాళ్లు, ఒక వారం ఏడిపించేవాళ్లు, అంతే. ఆ ఒక్క మాటకి నోరు రాలేదు. ఇప్పుడే తెలుసని గొప్పలు పోయానాయె. వీళ్ల ముందు మళ్లీ మోతగాడిగా బయటికి రావాలా అనిపించింది. నా పెట్టె స్విచ్ వేశాను. ఒక పాట అరనిమిషం వాయించాను. "ఇది మొదటిది" అని అరిచాను. రెండు కడ్డీలు కాస్త జరిపి, అదే పెట్టె మీద, అదే పాట మళ్లీ వాయించాను. "ఇది రెండోది."

తెర అవతలనుంచి పెద్దాయన గొంతు నెమ్మదిగా వినిపించింది.

"రెండోది నాది."

"రెండోది నాదంకుల్" అన్నాను.

అది అబద్ధం కాదు. అక్షరం పొల్లుపోకుండా నిజం. అంతకన్నా పెద్ద అబద్ధం నేను జన్మలో ఆడలేదు.

అవతల హాలు గొల్లుమంది. నేను తెర పక్కకి లాగి బయటికొచ్చేసరికి ప్లంబర్ పెద్దాయన వీపు తడుతూ, "సొంత ఆర్గన్‌నే గుర్తుపట్టలేదు!" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు. పాడే ఆవిడ వచ్చి నా భుజం తట్టింది. ప్లంబర్ నా చెయ్యి పట్టి ఊపాడు. ఆ గదిలో అంతమంది ఒక్కసారిగా నా మొహంలోకి చూసి నవ్వడం అదే మొదటిసారి. తేలు కుట్టిన దొంగలా నిలబడి నేనూ నవ్వాను.

పెద్దాయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదో అడగబోయేవాడిలా చూసి, బల్ల మీది కప్పులన్నీ ఏరుకుని వంటగదిలోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లి తుడిచే గుడ్డ పట్టుకుని నిలుచున్నాను. ఆయన కడిగిన కప్పులు ఒక్కొక్కటే అందించాడు.

అన్నీ అయ్యాక, "ఏమన్నా చెప్పాలా అబ్బాయ్?" అన్నాడు.

"ఏం లేదంకుల్" అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో గెలిచానని చెప్పాను. "మరి మొహం అలా పెట్టారేంటండీ?" అంది. మూడు రోజులు దాచాను. నాలుగో రోజు ఉప్మా తింటూ కక్కేశాను. ఆమె చెంచా కింద పెట్టింది.

"రేపే వెళ్లి చెప్పండి ఆయనకి. చేసిన పాపం చెబితే పోతుందంటారు."

"నీకేం తెలుసు బ్యాండు సంగతి?" అని అరిచాను.

"బ్యాండు సంగతి నాకు తెలీదు. మీ సంగతి తెలుసు. ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పలేరు మీరు" అంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

పెద్దాయన ఆ తర్వాత రెండు ప్రాక్టీసులకి రాలేదు. ప్లంబర్‌కి ఫోన్ చేసి, డాక్టరు బరువులెత్తొద్దన్నాడని, ఇక మానేస్తున్నానని చెప్పాడట. నెల తిరక్కుండా ఆర్గన్ అమ్మకానికి పెట్టాడు. కొన్నాయన వ్యాన్ తెచ్చుకుంటే, మొయ్యడానికి మనుషులు కావాలి కదా. పెద్దాయనింటికి ఎవరు వెళ్లారనుకుంటున్నారు? నేను వెళ్లాను. ప్లంబర్, డ్రమ్మర్, కొనేవాడు, నేను.

మొయ్యబోయే ముందు కొనేవాడు ఒకసారి మోగించి చూపించమన్నాడు. పెద్దాయన పీట మీద కూర్చున్నాడు.

"ముందు ఈ స్విచ్. నొక్కి పట్టుకోవాలి. ఎనిమిది లెక్కపెట్టు, చలికాలమైతే పన్నెండు. వింటున్నావా, చక్రాలు లేస్తున్నాయి చూడు. ఇప్పుడు దీన్ని వదలకుండా రెండోది వెయ్యి. ఇంకో నాలుగు లెక్కపెట్టి మొదటిది వదిలెయ్యి. రెండోది ఒక్కటే వేస్తే ఎంతసేపు కూర్చున్నా మోగదు."

లోపలనుంచి ఒక కూత సన్నగా మొదలై, పైకి లేస్తూ లేస్తూ వచ్చి, ఒకచోట నిలిచింది. ఆ గదిలో ఎవరికైనా వినిపించే చప్పుడు. రెండేళ్లు దాని పక్కనే తిరుగుతూ దాన్ని చప్పుడుగా కూడా లెక్కపెట్టలేదు నేను. ఆయన చెబుతున్నది కొనేవాడికి. నేను మాత్రం నేల చూస్తూ నిలుచున్నాను.

మోశాం. నా మూల నేను పట్టుకున్నాను. వ్యాన్ తలుపు వేశాక పెద్దాయన అందరికీ థాంక్స్ చెప్పాడు, నాక్కూడా.

ఆ తర్వాత ఐదేళ్లు ఆ పీట నాది. పీటంటే పీట కూడా కాదు, మడతపెట్టే స్టూలు. పదహారు కిలోలు భుజాన వేసుకుని ఒక్కణ్ణే మెట్లెక్కి వెళ్లేవాణ్ణి. ఆ తిరిగే స్పీకరు కూడా ఆర్గన్‌తోపాటే అమ్ముడైపోయింది కాబట్టి, దాని గొంతూ చిప్పులోంచే తీశాం. గిగ్గులు రెట్టింపయ్యాయి. స్టాన్‌మోర్‌లో మనవాళ్ల ఫంక్షన్లకి కూడా అదే తీసుకెళ్లి పాత సినిమా పాటలు వాయించేవాణ్ణి. "అచ్చం పాతకాలం ఆర్గన్‌లాగే ఉందండీ" అని ఒక ఆంటీ మెచ్చుకుంటే, గారె గొంతులో అడ్డంపడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ప్లంబర్‌కి ఆ తెర సంగతి ఒక జోకైపోయింది. ప్రతి గిగ్గులోనూ నన్ను పరిచయం చేసేటప్పుడు మైకులో చెప్పేవాడు. "మాకు ముందొక ఆర్గన్ ఆయన ఉండేవాడు. నలభై ఏళ్లు వాయించాడు. తెర వెనక పెడితే సొంత ఆర్గన్‌నే గుర్తుపట్టలేకపోయాడు! ఇదిగో, ఆయన్ని ఓడించినవాడు ఇతనే." జనం గొల్లున నవ్వేవాళ్లు. నేను తల వంచి ఒక స్వరాన్ని సాగదీసి పట్టేవాణ్ణి. ఏడాదికి ముప్పై గిగ్గులు, ఐదేళ్లు. ఎన్నిసార్లు విన్నానో మీరే లెక్కేసుకోండి. ప్రతిసారీ, ఇవాళ ఇంటికెళ్లగానే ఆయనకి ఫోన్ చేస్తాను అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాణ్ణి. ఊళ్లో ఆయన డిపో స్నేహితులు కూడా ఆయన్ని ఆ జోకుతోనే ఏడిపిస్తారని పాడే ఆవిడ ఒకసారి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది పాపం, ఆవిడకేం తెలుసు.

2019 వసంతంలో ఒక ఆదివారం మధ్యాహ్నం డిపో వాళ్ల క్లబ్బులో వాయించాం. ఎవరిదో పుట్టినరోజు. రెండో పాట అవుతుండగా చూశాను, కిటికీ పక్క బల్ల దగ్గర పెద్దాయన. బాగా సన్నబడ్డాడు. చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది. ప్లంబర్‌ని పక్కకి పిలిచి, "ఇవాళ ఆ జోకు వద్దు" అని చెబుదామనుకున్నాను. అనుకుంటుండగానే అతను మైకు పట్టుకున్నాడు. పెద్దాయన్ని చూసి ఇంకా హుషారొచ్చింది. "ఇదిగో, ఆయనే వచ్చారు!" అని వేలు పెట్టి చూపించి మరీ చెప్పాడు. హాలంతా అటు తిరిగి నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. గ్లాసు ఎత్తి నా వైపు చూపించాడు.

తర్వాతి పాటలో నా వేళ్లు రెండుసార్లు తప్పాయి. ఎవరూ గమనించలేదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి ఆయనింటికి వెళ్లాను. తనే తలుపు తీశాడు. ముందుగదిలో ఆర్గన్ ఉండేచోట ఇప్పుడొక సోఫా ఉంది. అందులో కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. స్విచ్ సంగతి, రెండుసార్లూ నా పెట్టెనే వాయించిన సంగతి, ఐదేళ్లు నోరు మూసుకున్న సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చాను. నలభై దాటినవాణ్ణి, చిన్నపిల్లాడిలా వెక్కాను.

"తెలుసబ్బాయ్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"అది మోగేముందు కూస్తుంది. నలభై ఏళ్లు విన్నాను. ఆ రోజు కూయలేదు. కూయకుండా మోగదు కదా. మొదటిది వాయించినప్పుడే తెలుసు."

"మరి రెండోది నాది అని ఎందుకన్నారు?"

"ఏదో ఒకటి అనాలిగా. అంటే నువ్వే బయటికొచ్చి, అంకుల్, మోగలేదు అంటావనుకున్నాను. తర్వాత కప్పులు కడిగేటప్పుడు చెబుతావనుకున్నాను. అమ్మేసిన రోజు కూడా అనుకున్నాను."

"అప్పుడే అందరి ముందూ చెప్పెయ్యాల్సింది మీరు."

ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"రెండేళ్లు వాళ్లు నిన్ను మోతగాడిగానే చూశారు. ఆ రోజే మొదటిసారి నీ భుజం తట్టారు. ఆ పూటే నిన్ను దొంగని చేస్తే ఇక నిన్ను ఉండనిచ్చేవాళ్లా? నా సంగతంటావా, నా నడుం ఎలాగూ అయిపోయింది. నేను మానేసేవాణ్ణే. కాకపోతే ఇంకోలా మానేసేవాణ్ణి."

సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అదేమిటో అప్పుడు తెలిసింది. ఆయన కాళ్లు పట్టుకోబోయాను. ఏం చేస్తున్నానో ఆయనకి అర్థం కాలేదు, ఏదో పడిపోయింది కాబోలనుకుని తనూ వంగి కింద వెతకబోయాడు. "నడుం, నడుం" అని నేనే ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టాను.

"వాళ్లకి చెప్పావా?" అని అడిగాడు.

"లేదంకుల్. ముందు మీకు చెబుదామని."

"నాకు తెలిసిందే చెప్పావు. వాళ్లకి చెప్పు. నలభై ఏళ్లు నా చెవులతో బతికానబ్బాయ్. డిపోలో ఇంజను చప్పుడు విని ఏం చెడిందో చెప్పేవాణ్ణి. ఇప్పుడు వాళ్లు నన్ను చూస్తే చెవి మీద వేలు పెట్టుకుని నవ్వుతారు. అది పోవాలి నాకు. చెప్పాక రా, టీ తాగుదాం."

ఆ రోజు టీ ఇవ్వలేదు. అంతకుముందు ఎప్పుడు వెళ్లినా నేను కోటు విప్పేలోపే కెటిల్ పెట్టేవాడు.

ఆ మంగళవారం ప్రాక్టీసులో చెప్పడానికి నోరు తెరిచాను. ప్లంబర్, "ఏమిటి, మొహం అలా ఉంది? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. కాస్త తలనొప్పి అన్నాను. ఆ పై వారం డ్రమ్మర్ కుర్రాడికి బిడ్డ పుట్టింది, కేకు కోశారు, ఆ సంతోషంలో ఎలా చెప్పను అనుకున్నాను. ఆ పై వారం నేనే వెళ్లలేదు. వేసవంతా అలాగే గడిచింది. ఈమధ్యలో పదకొండు గిగ్గులు వాయించాం. పదకొండుసార్లూ ప్లంబర్ ఆ జోకు చెప్పాడు. పదకొండుసార్లూ తల వంచుకున్నాను.

ఆయనింటికి మళ్లీ వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? కడుపులో దాచుకోలేక, ఉన్నదున్నట్టు ఇలా రాసి పెట్టాను. రాశానని మా ఆవిడకి చూపించాను. మొత్తం చదివి కాగితాలు నా చేతికిచ్చేసింది.

"బాగా రాశారండీ. కానీ ఆ బ్యాండులో ఒక్కరికైనా తెలుగొచ్చా?" అంది.